ఈ కుళ్ళాయి ఎవరి బిడ్డది?

మ్యూజియంలోకి వెళితే మేం కనిపిస్తాం. కనిపించమని కాదు. కత్తిగా కనిపిస్తాం. డాలుగా, బాకుగా, శిరస్త్రాణంగా కనిపిస్తాం. బంగారు నీళ్ళతో రాసిన ఖురాన్ ప్రతిగా, బిద్రీ హుక్కాగా, పాన్‌దాన్‌గా, వెండి నాణెంగా కనిపిస్తాం. సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు బాకు ఉంది. నూర్జహాన్ పండ్లు కోసుకున్న చాకు ఉంది. ఔరంగజేబు పేరుమీదా టిప్పు సుల్తాన్ పేరుమీదా ఆయుధాలున్నాయి. జనం వాటి ముందు గుమిగూడతారు. బడిపిల్లల్ని వరసకట్టించి తెస్తారు. ఆ వరసలో మా పిల్లలూ ఉంటారు. బయటికి వచ్చేసరికి రహీమ్ తాతముత్తాతలు కత్తులు పట్టుకుని తిరిగినవాళ్ళని రాముకి తెలిసిపోతుంది. అంతకంటే ఘోరం, రహీమ్‌కీ అదే తెలుస్తుంది. తన తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగింది నిజమే కానీ అది దూది ఏకే విల్లు అని ఆ పిల్లవాడికి ఏ గాజుపెట్టె చెబుతుంది?

మేం ఇక్కడ మాట్లాడబోయేది చాలా చిన్న వస్తువు గురించి. జానెడు కూడా ఉండదు. పసిబిడ్డ టోపీ. ఇంత రక్తం కారిన కాలంలో టోపీల గురించీ మ్యూజియాల గురించీ మాట్లాడటమేమిటని ఎవరైనా అడగొచ్చు. ఒక పుస్తకాన్ని ఎలా విమర్శిస్తామో మ్యూజియాన్నీ అలా విమర్శించాలి. అదీ ఒక రచనే. ఏం పెట్టాలి, ఏం వదిలెయ్యాలి, ఏ వస్తువు పక్కన ఏ వస్తువు ఉండాలి, కింద చీటీ మీద ఏ నాలుగు మాటలు రాయాలి అని ఎవరో నిర్ణయించి రాసిన రచన. అందులో మా పాత్ర ఎవరు రాశారో, ఎందుకలా రాశారో అడిగే హక్కు మాకుంది. అడగడానికి పిల్లల టోపీని మించిన వస్తువు మాకు దొరకలేదు. ఎందుకంటే కత్తి అందరి ఇళ్ళలో లేదు. టోపీ అందరి ఇళ్ళలో ఉంది.

*

ముందు వస్తువు సంగతి చూద్దాం. పుట్టిన బిడ్డ మాడు మెత్తగా ఉంటుంది. చెయ్యి పెడితే కొట్టుకోవడం తెలుస్తుంది. ఆ మాడు మీద నూనె అద్ది, చలిగాలి తగలకుండా కప్పడం ఏ తల్లయినా చేసే పని. మాడుకి మతం లేదు. మా ఇళ్ళలో అమ్మీ, నానీ, దాదీ ఎవరో ఒకరు పాత చీర చెంగో, బనీను గుడ్డో, దర్జీ దగ్గర మిగిలిన ముక్కలో తెచ్చి నాలుగు కలీలుగా కత్తిరించి కుడతారు. చలికాలమైతే రెండు పొరల మధ్య పలచగా దూది పరుస్తారు. అంచుకి గోటా ఉంటే గోటా, లేకపోతే రంగుదారం. లోపలివైపు దిష్టి తగలకుండా ఒక తావీదు. దీనికి కొలతలు రాసుకున్న పుస్తకం లేదు. బిడ్డ తలే కొలత.

ఈ టోపీ ఎంతకాలం బతుకుతుంది? నూనె, చెమట, పాలు, ఉమ్ము. పెద్దవాడు పెట్టుకున్నాక రెండోవాడు, వాడి తర్వాత చెల్లెలు, ఆ తర్వాత పిన్ని కొడుకు. చివరికి కుట్లు ఊడిపోయి బొంతలో అతుకవుతుంది. లేదంటే వంటింట్లో మసిగుడ్డ అవుతుంది. కొంచెం ఉన్నవాళ్ళ ఇంట్లో జరీ టోపీ అయితే దానిది ఇంకో చావు. పాత జరీ కొంటాం అని వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాడికి తూకానికి వేస్తారు. అతను దాన్ని కాల్చి వెండి తీస్తాడు. పేదవాడి టోపీ మసిగుడ్డయింది, నడిమితరగతివాడి టోపీ వెండిముక్కయింది. అలా రెండూ పోయాయి.

మ్యూజియం తర్కం ఇక్కడ మొదలవుతుంది. ఇనుము నిలుస్తుంది, రాయి నిలుస్తుంది, రాగి నిలుస్తుంది. నూలు నిలవదు. గుడ్డని నిలపాలంటే పురుగు తగలకూడదు, తేమ తగలకూడదు, వెలుతురు ఎక్కువ పడకూడదు. పాత బట్టల మీద 50 లక్స్‌కి మించి వెలుగు వెయ్యొద్దని మ్యూజియం శాస్త్రం చెబుతుంది. అంటే దాదాపు మసకచీకటి. అంత శ్రద్ధ ఎవరి గుడ్డ మీద పెడతారు? మనకు చిన్న పట్టణాల మ్యూజియాల్లో దక్కేది శాసనాలు, విరిగిన విగ్రహాలు, నాణేలు, ఆయుధాలు. ఇది కుట్ర అని మేం అనడం లేదు. ఇనుముకి మతద్వేషం ఉండదు. కానీ ఫలితం చూడండి. ఒక జనం జీవితంలో గట్టివి మాత్రమే మిగిలి, మెత్తవన్నీ పోయాక, ఆ జనమే గట్టి జనంగా, కరుకు జనంగా కనిపిస్తుంది. తల్లి చేతి కుట్టు పోయింది, తండ్రి చేతి కత్తి మిగిలింది. అసలు ఆ కత్తి మా తండ్రిది కూడా కాదు.

*

బట్టలే మిగిలిన చోట ఎవరి బట్టలు మిగిలాయో కూడా చూడాలి. హైదరాబాద్ పురానీ హవేలీలో 2000లో తెరిచిన నిజాం మ్యూజియం ఉంది. అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా చూడటానికి జనం వెళతారు. బీరువా అంటే మన ఇంట్లో బీరువా కాదు. హవేలీలో ఒక పక్కనంతా ఆక్రమించుకున్న రెండంతస్తుల కొయ్య కట్టడం. పైకి బట్టలు చేర్చడానికి చేత్తో తిప్పే లిఫ్టు. ఒక మనిషి బట్టలకి అది.

ఆ మనిషి ఒకప్పుడు పసివాడే. 1866లో పుట్టాడు. 1869లో తండ్రి చనిపోతే మూడేళ్ళైనా నిండని ఆ పిల్లవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టారు. పరిపాలన పెద్దవాళ్ళ చేతుల్లో ఉంది. 1884లో గానీ అధికారాలు చేతికి రాలేదు. అలాంటి పిల్లవాడి తలమీద ఉండేది ఇంక టోపీ కాదు, రాజ్యం. ఆ తలకి చలి వేస్తుందా, ఉక్కపోస్తుందా అని అడిగేవాళ్ళు దర్బారులో ఎవరుంటారు? రాజుల పిల్లల టోపీల్ని గాజుపెట్టెలో చూసి జరీ పనితనం మెచ్చుకుంటాం. ఆ పనితనం కుట్టిన కార్‌ఖానా మనిషి పేరు చీటీ మీద ఉండదు. పెట్టుకున్న బిడ్డ బాల్యమూ ఉండదు. ఉండేది వంశం పేరు.

మా బాధ ఆ టోపీని అక్కడ పెట్టారని కాదు. అదొక్కటే పెట్టారని. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పటినుంచీ ఈ పేజీల్లో మేం పదే పదే అంటున్న మాట ఇదే. పాలించినవాళ్ళ లెక్కలు మా పద్దులో రాయకండి. నవాబు టోపీని 'ముస్లిం టోపీ'గా చూపించిన మ్యూజియం, ముస్లిం అంటే నవాబు అని చూసేవాళ్ళకి నేర్పింది. దూదేకులవాళ్ళు, కసాయివాళ్ళు, గాజులమ్మేవాళ్ళు, రిక్షా తొక్కినవాళ్ళు, బీడీలు చుట్టినవాళ్ళు ఆ ఒక్క జరీ టోపీ కింద మాయమైపోయారు. ఒకప్పుడు పాలించారు కదా, ఇప్పుడు అనుభవించండి అనే మాట బజారులో వినిపించినప్పుడు దాని వెనక ఈ గాజుపెట్టె కూడా ఉంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం ఉంది. బొమ్మలుంటాయి. ఆ సేకరణ కూర్చిన మూడో సాలార్‌జంగ్ పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. 1949లో పోయాడు. పిల్లలు లేనివాడు ప్రపంచమంతా వెతికి పిల్లల బొమ్మలు కొన్నాడంటే అందులో ఒక మనిషి గుండె కనిపిస్తుంది. కాదనం. కానీ ఆ పిల్లల గదిలో లోకంలోని పిల్లలందరి ఆటలూ ఉన్నా, గోడ అవతల దారుల్‌షిఫా గల్లీలో పుట్టిన బిడ్డ తొలి టోపీ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఎక్కడ వెతకాలి?

*

పేదబిడ్డల బట్టలు దాచడం అసలు సాధ్యమేనా అని అడిగేవాళ్ళకి రెండు ఉదాహరణలు చెప్పాలి. రెండూ ఇంగ్లీషువాళ్ళవే. రెండింటిలోనూ మనం నేర్చుకోవాల్సింది ఉంది, భయపడాల్సిందీ ఉంది.

మొదటిది మన గుడ్డల కథ. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి భారతదేశపు నేతబట్టల నమూనాలు 700 కత్తిరించి 18 సంపుటాలుగా అంటించాడు. అలాంటివి 20 జతలు తయారయ్యాయి. 13 బ్రిటన్‌లో ఉంచి 7 ఇండియాకి పంపారు. తలపాగా గుడ్డలు, చీరలు, లుంగీలు అన్నీ ఉన్నాయి. ఎందుకు? ఇక్కడి జనం ఏం కట్టుకుంటారో, తలకి ఏం చుట్టుకుంటారో తెలిస్తే మాంచెస్టరు మిల్లులు అచ్చం అలాంటివే నేసి ఇక్కడే అమ్ముకోవచ్చు. గుడ్డ మిగిలింది. దాన్ని నేసినవాడి మగ్గం ఆగింది. దాచడమంతా ప్రేమ కాదని ఆ సంపుటాలు చెబుతాయి.

రెండోది లండన్ ఫౌండ్లింగ్ ఆసుపత్రిది. పెంచుకోలేని తల్లులు బిడ్డల్ని అక్కడ వదిలి వెళ్ళేవాళ్ళు. 1741లో మొదటి బిడ్డల్ని తీసుకున్నారు. బిడ్డ వచ్చినప్పుడు ఒంటిమీద ఏమున్నాయో రాసుకోవడానికి అచ్చువేసిన కాగితం ఉండేది. ఆ జాబితాలో మొట్టమొదటి మాట 'టోపీ'. ఆ తర్వాత బిగుతు కుల్లా, నుదుటిగుడ్డ, తలగుడ్డ. తల్లి ఎప్పుడైనా తిరిగొస్తే గుర్తుపట్టడానికి బిడ్డ బట్టలోంచి చిన్న ముక్క కత్తిరించి ఆ కాగితానికి గుచ్చేవాళ్ళు. అలాంటి ముక్కలు దాదాపు 5,000 ఇవాళ్టికీ ఉన్నాయి. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మామూలు జనం ఏ గుడ్డ కట్టుకున్నారో తెలుసుకోవాలంటే వాటిని మించిన ఆధారం లేదు. 2010లో వాటిని లండన్‌లో ప్రదర్శనకి పెట్టారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ దేశంలో కూడా పేదబిడ్డ గుడ్డముక్క మిగిలింది బిడ్డ తల్లినుంచి విడిపోయినప్పుడే. తల్లి దగ్గరే పెరిగిన పేదబిడ్డల టోపీలు అక్కడా మసిగుడ్డలే అయ్యాయి. అయినా ఒక సంగతి మాత్రం తేలింది. దాచాలనుకుంటే రెండంగుళాల చీటీగుడ్డ కూడా చరిత్ర అవుతుంది. జరీ అక్కర్లేదు, వంశం అక్కర్లేదు. ఏ బిడ్డది, ఏ రోజు, ఏ గుడ్డ అని ఒకరు రాసిపెడితే చాలు. మా గుడ్డలు నశించాయి కాబట్టి మా చరిత్ర లేదనే వాదన అక్కడ ఓడిపోతుంది.

*

గుడ్డ పోయినచోట మాట మిగిలింది. తెలుగులో టోపీకి పాతమాట కుళ్ళాయి. పారసీ 'కులాహ్' మన నోళ్ళలో నాని కుళ్ళాయి అయింది. కన్నడంలో పసిపిల్లల టోపీని కులావి అంటారు. బిడ్డ పుట్టకముందే కులావి కుట్టించడమని వాళ్ళకో సామెత. ఆలూ లేదు చూలూ లేదు అని మనం అనే సందర్భంలో వాళ్ళకి పిల్లటోపీ గుర్తొస్తుంది. పరాయి వస్తువుని ఎవరూ సామెతలో పెట్టుకోరు. అది ఉయ్యాల దాకా వచ్చింది కాబట్టే సామెత దాకా వచ్చింది.

తెలుగు పండితులకి కుళ్ళాయి అనగానే శ్రీనాథుడు గుర్తుకురావాలి. కన్నడరాజు కొలువుకి వెళ్ళడానికి కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని ఆయన పేరుమీద ఒక చాటువు ఉంది. మన కవిసార్వభౌముడు కుళ్ళాయి పెట్టుకుని నిలబడింది సుల్తాను ముందు కాదు, విజయనగర రాజు ముందు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చూడండి. 16వ శతాబ్దపు ఆ చిత్రాల్లో శివుడికి దణ్ణం పెడుతున్న విరూపణ్ణ, ఆయన పరివారం పొడవాటి కుళ్ళాయిలతో ఉంటారు. తిరుమల గుళ్ళో ఇద్దరు రాణుల మధ్య చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల లోహవిగ్రహం తలమీద ఉన్నదీ అదే కుళ్ళాయి. రోజూ వేలమంది భక్తులు దాని పక్కనించే నడుస్తారు. ఆ తలమీద ఉన్నది పరాయి టోపీ అని ఏ భక్తుడికీ తోచదు. విజయనగర కొలువు ఈ కుళ్ళాయినీ కబాయినీ ఓడిపోయి కాదు, కోరి తెచ్చుకుందని 1996లో ఫిలిప్ వాగనర్ వివరంగా రాశాడు. ఆనాటి లోకంలో మర్యాదస్తుల వేషం అది.

మరి ఆ చీటీ ఎక్కడ? రాయల తలమీద ఉంటే రాజసం, రహీమ్ తలమీద ఉంటే పరాయితనం ఎలా అయింది? ఆరువందల ఏళ్ళుగా తెలుగులో ఉన్న మాట మాది కాకుండా, మీది కాకుండా ఎక్కడికి పోయింది? పాఠ్యపుస్తకంలో రాయల బొమ్మ ఉంటుంది. ఆయన టోపీ గురించి ఒక్క వాక్యం ఉండదు. ఆ ఒక్క వాక్యం ఉంటే తరగతి గదిలో ఒక పిల్లవాడు తల ఎత్తుకుని కూర్చునేవాడు.

అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో పీరుగా కొలువైన స్వామి పేరే కుళ్ళాయిస్వామి. టోపీ పేరే దేవుడి పేరు. మొహర్రంలో అగ్నిగుండం తొక్కేవాళ్ళలో, మొక్కులు తీర్చుకునేవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉంటారు. కవి అఫ్సర్ ఆ ఊరి పీర్ల పండుగ మీద 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. ఆ చుట్టుపక్కల బిడ్డ పుడితే కుళ్ళాయప్ప అని, కుళ్ళాయమ్మ అని పేరు పెడతారు. ఆ పేరున్నవాళ్ళలో సాయిబులున్నారు, బోయలున్నారు, రెడ్లున్నారు, మాలమాదిగలున్నారు. మ్యూజియం దాచలేని టోపీని ఆ జనం బిడ్డ పేరులో దాచుకున్నారు. రేషన్ కార్డు మీదా హాజరుపట్టీలోనూ ఉంది అది. పురుగు పట్టదు, వెలుతురికి మాయదు.

*

కాగితం మీద దాచిన మనిషీ ఒకడున్నాడు. ఏలూరులో పుట్టిన జాఫర్ షరీఫ్. ఇంగ్లీషు దొరల దగ్గర మున్షీ పని చేశాడు. దక్కనీ ముసల్మానుల ఆచారాలన్నీ కడుపునుంచి కాటిదాకా వరసగా రాశాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో సర్జనుగా ఉన్న హెర్క్‌లాట్స్ దగ్గరుండి రాయించి, ఇంగ్లీషులోకి మార్చి 1832లో 'ఖానూన్-ఎ-ఇస్లాం' పేరుతో లండన్‌లో అచ్చువేయించాడు. పుట్టిన ఆరోనాటి ఛట్టీ, నలభయ్యోనాటి చిల్లా, అఖీఖా, నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగోరోజున బిస్మిల్లా, సున్తీ అన్నీ అందులో ఉన్నాయి. మన తీరప్రాంతపు ముసల్మాను ఒకడు, కత్తి గురించి కాదు, ఉయ్యాల గురించి అంత ఓపిగ్గా రాశాడు. తెలుగు సాహిత్య చరిత్రలు అతన్ని పట్టించుకోలేదు. తెలుగులో రాయలేదు కాబట్టి సరే. ఏలూరు చరిత్రలోనైనా అతనికి చోటు దక్కాలి కదా.

అతని పుస్తకానికీ హద్దులున్నాయి. దొరకి అర్థమయ్యేలా, దొర అడిగినదానికి జవాబుగా రాసినది అది. తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకుల అవ్వ బిడ్డ తలకి ఏం కట్టిందో అందులో ఉండదు. సున్తీని ఒడుగులు అని తెలుగులో చెప్పుకునే మా పల్లెల ముచ్చట, ఆరోజు పిల్లవాడికి కొత్తబట్టలు వేసి, తలకి టోపీ పెట్టి, మెళ్ళో దండవేసి ఊరేగిస్తే బావులూ మామలూ అని వరసలు కలిపి పిలిచే అన్ని కులాలవాళ్ళూ వచ్చి చదివింపులు చదివించే ముచ్చట, అందులో దొరకవు. అవి రాయాల్సింది మేమే.

*

ఇక బజారు మాటకొద్దాం. తెలుగులో మోసం చెయ్యడాన్ని టోపీ పెట్టడం అంటారు. పెద్ద మోసమైతే కుచ్చుటోపీ. పత్రికల శీర్షికల్లో రోజూ కనిపిస్తుంది, చిట్‌ఫండువాడు కుచ్చుటోపీ పెట్టాడని. రాసేవాడికి ద్వేషం ఉండకపోవచ్చు. కానీ కుచ్చు ఉన్న టోపీ అనగానే ఈ దేశంలో కళ్ళముందు కనిపించేది రూమీటోపీ. ఆ మాట చదివిన మా పిల్లవాడు తాత ఫొటో వైపు చూసుకుంటాడు.

రూమీటోపీ కథా సూటిగా లేదు. 1829లో తురుష్క సుల్తాను రెండో మహమూద్ తన ఉద్యోగులందరికీ తప్పనిసరి చేశాడు. అప్పుడది కొత్తదనానికి గుర్తు. తలపాగాలూ హోదాల తేడాలూ పోయి అందరి తలలూ ఒకేలా కనిపించాలని తెచ్చిన టోపీ. 1925 నవంబరులో అదే తురకదేశం చట్టం చేసి దాన్ని నిషేధించింది. అప్పుడది పాతదనానికి గుర్తయింది. అక్కడ నేరమైనది హైదరాబాదులో మర్యాదగా నిలిచింది. షేర్వాణీ, రూమీటోపీ వేసుకున్నవాళ్ళలో హిందువులూ ఉన్నారు. 1948 సెప్టెంబరు తర్వాత ఆ టోపీ పెట్టుకున్నవాడల్లా రజాకారయ్యాడు. వంద సంవత్సరాల్లో ఒకే టోపీ కొత్తదీ, పాతదీ, మర్యాదా, నేరమూ అయింది. టోపీలో ఏమీ లేదు. చూసేవాళ్ళ చేతిలో ఉన్న అధికారంలో ఉంది అంతా.

2019 డిసెంబరులో నిప్పుపెడుతున్నది ఎవరో వాళ్ళ బట్టల్ని బట్టే తెలుస్తుందని జార్ఖండ్ ఎన్నికల సభలో ఈ దేశ ప్రధానమంత్రి అన్నారు. 2022 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుతో కాలేజీ గేట్ల దగ్గర ఆడపిల్లల తలమీది గుడ్డ వివాదమైంది. మార్చిలో హైకోర్టు ప్రభుత్వాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరోమాట చెప్పారు. చదువుకోవడానికి వచ్చిన పిల్లల్ని తలమీది గుడ్డ తీసి రమ్మన్నారు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఆడా మగా తేడా లేకుండా ఒకే కుల్లాలో పెరిగిన తల అది. పదేళ్ళు దాటాక ఆ తలమీద ఇంటివాళ్ళ తీర్పు ఒకటి, ప్రభుత్వం తీర్పు ఇంకొకటి. ఆ పిల్లని మాత్రం ఎవరూ అడగరు.

బట్టల్ని బట్టి మనుషుల్ని గుర్తుపట్టే కంటికి చదువు ఎక్కడ దొరికిందని మేం అడుగుతున్నాం. సినిమాలో దొరికింది, బజారులో దొరికింది. మ్యూజియంలో మాత్రం వేరే చదువు దొరకాల్సింది. దొరకలేదు.

*

మాలో మేం చెప్పుకోవాల్సిన మాటలూ ఉన్నాయి. నవాబు టోపీని చూసి మురిసిపోయేవాళ్ళు మాలోనూ తక్కువ లేరు. మన కాలంలో అని నిట్టూర్చేవాళ్ళని అడగాలి, ఎవరి కాలం? ఆ కాలంలో మీ తాత గుర్రమెక్కాడా, గుర్రానికి గడ్డి కోశాడా? దూదేకులవాళ్ళ ఇంట్లో పిల్లనివ్వడానికి, తీసుకోవడానికి ముఖం చిట్లించే సయ్యదులు, పఠానులు ఆ జరీ టోపీని ఉమ్మడి ఆస్తిగా చెప్పుకోవడం మోసం. దానికి కూడా తెలుగులో ఒక మాట ఉంది, ఇందాక చెప్పుకున్నదే.

ఇంకోటి. మిషను మీద అల్లిన తెల్లటోపీ ఇప్పుడు అన్ని ఊళ్ళలోనూ ఒకటే. చవక, ఉతికితే ఆరిపోతుంది, నమాజుకి పనికొస్తుంది. పెట్టుకోవద్దని మేం అనం. కానీ అదే అసలైనదని, నానీ కుట్టిన రంగుల కుల్లా, తావీదు, పీర్ల దగ్గర పెట్టించిన పేరు అన్నీ జాహిలీ అలవాట్లని చెప్పే పెద్దలకి మా జవాబు ఉంది. కుళ్ళాయప్ప అనే పేరు మార్చుకోమని మీరు అంటున్నారు. ఆ పేరు సాయిబుది కాదు, మనదని వాళ్ళూ అంటున్నారు. రెండువైపుల నించీ ఒకే కత్తెర. కత్తిరించేది ఒకే గుడ్డని. మతం పేరుతో మా బిడ్డల తలల్ని ఒకే అచ్చులో పోస్తే, గుర్తుపట్టడం ఎదుటివాడికి ఇంకా సులువవుతుంది.

*

మాకేం కావాలి? మాకొక మ్యూజియం కట్టించమని అడగటం లేదు. ఉన్నవాటిలోనే ఒక చిన్న బల్ల చాలు. కలెక్టరాఫీసుల పక్కన దుమ్ముకొట్టుకుపోతున్న జిల్లా మ్యూజియాల్లో, హైదరాబాద్ పెద్ద మ్యూజియాల పిల్లల గదుల్లో ఒక్కో బల్ల. దానిమీద దూదేకుల తల్లి కుట్టిన దూదిటోపీ, దాని పక్కనే లంబాడా తల్లి అద్దాలూ గవ్వలూ కుట్టిన పిల్లటోపీ, దాని పక్కన క్రైస్తవుల ఇంట్లో బాప్తిస్మం రోజున పెట్టిన లేసుటోపీ, ఒక రైతింటి ఊలుటోపీ, అన్నీ ఒకచోట ఉండాలి. ఒకటి గిరిజన విభాగంలో, ఒకటి ఇస్లామిక్ కళల్లో, ఒకటి జానపదంలో వేరుచేసి పెడితే మేం ఒప్పుకోం. అలా వేరుచెయ్యడం దగ్గరే అబద్ధం మొదలవుతుంది. ఆ నాలుగు టోపీలూ ఒకే సంతలో కొన్న దారంతో కుట్టినవి.

జరీ టోపీ కూడా అక్కడే ఉండనివ్వండి. కానీ చీటీ మార్చండి. ఏ వంశం అని మాత్రమే కాదు, ఎవరు కుట్టారు, ఎన్ని రోజులు పట్టింది, కూలి ఎంత అని రాయండి. దూదిటోపీ కింద కుట్టిన తల్లి ఇష్టపడితే ఆమె పేరు రాయండి, ఎంతమంది బిడ్డలు పెట్టుకున్నారో రాయండి. లేపాక్షి చిత్రం నకలు ఒకటి గోడకి తగిలించి కుళ్ళాయి అనే మాట పుట్టుక రెండు వాక్యాల్లో చెప్పండి. తెలుగులో చెప్పండి, ఉర్దూలో చెప్పండి. దీనికి కోట్లు అక్కర్లేదు. మసకవెలుతురు గది ఒకటి, నాఫ్తలీన్ ఉండలు కాదు కాస్త శ్రద్ధ, గుడ్డని గౌరవించే మనిషి ఒకడు.

ఈ పుస్తకం చదువుతున్న మావాళ్ళకీ ఒక మాట. మ్యూజియంవాళ్ళు వచ్చేదాకా ఆగకండి. ట్రంకుపెట్టె అడుగున, బొంతల మధ్య ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి. మసిగుడ్డ కాకముందే తియ్యండి. ఉతక్కండి, ఆ నూనెమరక కూడా చరిత్రే. ఒక కాగితం మీద నానీ పేరు, ఊరు, ఏ ఏడు, ఏ గుడ్డలోంచి కత్తిరించిందో రాసి దానితోపాటు చుట్టి పెట్టండి. కత్తుల గురించి మమ్మల్ని అడిగేవాళ్ళు రేపూ ఉంటారు. వాళ్ళ ముందు పెట్టడానికి మన దగ్గర ఈ జానెడు గుడ్డ ఉండాలి.